రెండు జేబులాయన

రెండు జేబులాయన దృష్టిలో లోకంలోని వస్తువులు రెండే రకాలు. కంపెనీవి, సొంతవి. ఈ రెంటినీ కలిపేవాళ్ళని చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. చొక్కా జేబులో కంపెనీ ఫోను, ప్యాంటు జేబులో సొంత ఫోను. ఒకదాని జేబులోకి రెండోది పొరపాటున కూడా వెళ్ళి ఎరగదు.

లిఫ్టులు బాగుచేసే ఆ ఆఫీసులో ఆయన స్టోరు గుమాస్తా. ఎవరికైనా ఫోనో లాప్‌టాపో కావాలంటే ఆయన అలమరలోంచే రావాలి, పాడైతే అందులోకే పోవాలి. ఆయన్ని చూసి ఆఫీసంతా నవ్వుకునేది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఫోనక్క. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు గాభరాగా ఫోను చేస్తే, "కంగారు పడకండి, మనిషి బయల్దేరాడు" అని ధైర్యం చెప్పే ఉద్యోగం ఆవిడది. ఆ పేరు మెకానిక్కులు పెట్టింది.

ఒకసారి ఆయన భార్య కంగారులో కంపెనీ నంబరుకు చేసింది.

"ఏమండీ, వంటింట్లో పైపు పగిలింది! ఇల్లంతా నీళ్ళు!"

"ఇది కంపెనీ ఫోను. పెట్టెయ్. నా దాన్నుంచి చేస్తా."

"అయ్యో, ఆ గొట్టం ఎక్కడ కట్టాలో చెప్పి..."

పెట్టేశాడు. ఆఫీసు గోడల మధ్య సొంత మాటలు కూడదు కనుక మూడంతస్తులు దిగి, గేటు దాటి, రోడ్డు మీద నిలబడి చేశాడు. అప్పటికి నీళ్ళు పక్కింటి గడప దాటాయి. పక్కింటాయన వచ్చి పైపు కట్టేసి, కాళ్ళు తుడుచుకుంటున్నాడు.

మేనేజరుకూ మినహాయింపు లేదు. ఎదురు గదిలోంచి ఆయన ఓ రోజు ఈయన సొంత నంబరుకు చేస్తే, "సర్, ఇది మా అమ్మాయి మాట్లాడే నంబరు. ఆ రెండోదానికి చేయండి" అన్నాడు. మేనేజరు పళ్ళు నూరుకుంటూ రెండోదానికి చేశాడు.

"నమస్కారం సర్! పొద్దున్నుంచీ మీ ఫోను రాలేదేమిటా అనుకుంటున్నాను."

అంతెందుకు, ఆయన పిలుపులోనూ ఆ గోడ ఉండేది. కంపెనీ పని మీద మాట్లాడితే ఫోనక్కను "మీరు" అనేవాడు. సొంత మాటైతే "నువ్వు". "మీ చార్జరు తెచ్చివ్వండి. అన్నట్టు మీ పెద్దాడికి జ్వరం తగ్గిందా, నువ్వు తిన్నావా?" అని ఒకే గుక్కలో అనేస్తుంటే, ఇద్దరితో మాట్లాడుతున్నాడేమోనని కొత్తవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

ఫోనక్కకు ఇవేవీ పట్టేవి కావు. మెకానిక్కుల గ్రూపు ఆవిడ సొంత ఫోనులో ఉంది. పిల్లల మార్కుల జాబితాలు కంపెనీ లాప్‌టాపులో ఉన్నాయి. "ఎందులో ఉంటేనేం బాబాయిగారూ, ఉన్నాయిగా!" అనేది. ఆయన చెవులు మూసుకునేవాడు.

ఒక మంగళవారం ఆ గ్రూపుల పుణ్యమా అని కొంప మునిగింది. ఒక మెకానిక్కు ఏదో అపార్టుమెంటు గేటు తాళం కోడును సొంత ఫోనులోంచి ఆఫీసు గ్రూపుకు పంపబోయి, తన బావమరుదుల గ్రూపుకు పంపాడు. అందులో ఒక బావమరిది ఆ అపార్టుమెంటులోనే అద్దెకుంటున్నాడు. గంటలో సంగతి అక్కడి సెక్రటరీకి తెలిసింది, రెండు గంటల్లో పెద్దాఫీసుకు పాకింది.

పదకొండింటికి మేనేజరు హాల్లోకి వచ్చాడు. "లాప్‌టాపులు తెరిచినవి తెరిచినట్టే వదిలేసి లేవండి. మూడింటికి పెద్దాఫీసు నుంచి తనిఖీ. అప్పటిదాకా అన్నీ స్టోర్లో ఉంటాయి."

ఫోనక్కకు గుండె జారిపోయింది. మార్కుల జాబితాల గురించి కాదు. నెల కిందట చెవి డాక్టరు పంపిన రిపోర్టు ఉంది అందులో. తన ఫోను అద్దం పగిలి అక్షరాలు కనబడకపోతే, ఆఫీసు లాప్‌టాపులో తెరిచి దాచుకుంది. ఎడమ చెవికి వినికిడి సగానికి పైగా పోయిందని ఉంది ఆ కాగితంలో. 'కుడి చెవి కూడా పోతుందా? నాది ఫోను ఉద్యోగం' అని తను డాక్టరుకు రాసుకున్న ఉత్తరం దాని పక్కనే ఉంది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఫోను ఉద్యోగంలో చెవుడున్న మనిషిని ఎవరు ఉంచుకుంటారు?

అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. గడియారం వంక చూస్తే ముల్లు పరిగెడుతున్నట్టుంది. ఒంటిగంట దాటాక ఇక ఆగలేక స్టోరుకు వెళ్ళింది.

"బాబాయిగారూ, నా లాప్‌టాప్ ఒక్క ఐదు నిమిషాలు..."

"ఎందుకండీ?"

"సొంత కాగితం ఒకటుంది అందులో."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "కంపెనీ దాంట్లో సొంత కాగితమా! ఎన్నిసార్లు చెప్పానండీ మీకు!"

"తప్పే. ఇంకెప్పుడూ..." తలుపు వంక చూసి గొంతు తగ్గించింది. "అది వాళ్ళ కంట పడితే నా ఉద్యోగం పోతుందండీ."

ఆయన ఇంకేమీ అడగలేదు. సొరుగులోంచి అట్ట చిరిగిన నిబంధనల పుస్తకం తీసి, కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "'తనిఖీకి ముందు ఉద్యోగి తన సొంత కాగితాలను స్టోరు గుమాస్తా సమక్షంలో తీసుకుపోవచ్చును.' సమక్షంలో అన్నారు కానీ, చూడమనలేదు. కంపెనీ కాగితం ఒక్కటి కదిలినా ఊరుకోను. కూర్చో అమ్మా."

'కూర్చోండి' అనలేదు, 'కూర్చో' అన్నాడు! ఫోనక్క ఆ మాటకే కూలబడింది.

ఆయన కుర్చీ గోడ వైపు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, అది చాలదన్నట్టు ఒంట్లు వల్లించడం మొదలెట్టాడు. ఆవిడ రిపోర్టూ ఉత్తరమూ తన పెన్‌డ్రైవులోకి తీసుకుని, లాప్‌టాపులోంచి తుడిపేసి, మూడుసార్లు సరిచూసుకుంది. ఆయన ఎనభై మూడు దగ్గరున్నాడు.

"ఈ నిబంధన ఎవరు పెట్టారండీ? పుణ్యాత్ముడు!"

ఆయన తిరగలేదు. "పెట్టించాను. ఆరేళ్ళపాటు, పంతొమ్మిది ఉత్తరాలు రాస్తే పెట్టారు." గోడతోనే చెప్పాడు. "నేను చేరిన కొత్తలో ఒక తనిఖీ అధికారి, అలిగి వెళ్ళిన పెళ్ళానికి ఓ మెకానిక్కు రాసుకున్న ఉత్తరాన్ని హాల్లో పైకి చదివాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. అతను మర్నాటి నుంచి రాలేదు."

బయటికొచ్చేసరికి తలుపు దగ్గర వరస కట్టి ఉంది. సంగతి ఎలా పాకిందో! చివర్లో మేనేజరు, ఫైలు అడ్డుపెట్టుకుని నిలబడ్డాడు.

"మీకేముంది సర్?" అన్నాడు రెండు జేబులాయన.

"పాటలు. నేనే పాడుకున్నవి. నలభై రెండు" అని మేనేజరు గొణిగాడు.

"కూర్చో నాయనా" అని ఆయన మళ్ళీ ఒకటి నుంచి అందుకున్నాడు.

మూడింటికి తనిఖీ జరిగింది. ఫోనక్క తన ఫోను తనే తీసి గ్రూపు చూపించింది. కోడులన్నీ వాళ్ళ ఎదుటే తుడిపించి, కాగితం మీద మందలించి వదిలేశారు. మెకానిక్కులందరికీ కంపెనీ ఫోన్లు ఇమ్మన్నారు. ఆ వారమంతా రెండు జేబులాయనకు పట్టాభిషేకమే.

శుక్రవారం ఆయన ఒక డబ్బా తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. రెండు చెవులకూ తగిలించుకుని మాట్లాడే హెడ్‌ఫోను. శబ్దం పెంచుకునే మీట కూడా ఉంది.

ఫోనక్క ముఖం పాలిపోయింది. "మీరు... ఆ కాగితం చూశారా?"

"ఛ! రెండేళ్ళుగా నిన్ను ఎడమ పక్కనుంచి పిలిస్తే పలకవు. మొదట్లో పొగరనుకున్నాను. తర్వాత అర్థమైంది. కొనమని రాసి నాలుగు నెలలైంది. ఇప్పటికి పంపారు."

"మేనేజరుగారికి..."

"ఫోన్లో ఫిర్యాదులు వినే బల్లకు అవసరమని రాశాను. చెవి నీ సొంతం. చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించుకో. ముందు మీ ఆయనకు చెప్పు."

ఆయన రిజిస్టరు తెరిచి ముందుకు జరిపాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి. ఇది కంపెనీది, ఇంటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. మీ ఆయన కేకలు మీ సొంత చెవితోనే వినాలి."