ఇప్పచెట్టు మీద నేను, కింద ఎలుగు

ఆ రోజుల్లో నేను ధైర్యం గురించి చాలా మాట్లాడేదాన్ని. అప్పటికి దానితో నాకు అవసరం పడలేదు మరి. పంతొమ్మిదేళ్లు, ఆసిఫాబాద్ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి మూడు నెలలు. మా పెద్ద టీచరమ్మ (పిల్లలు చాటుగా ‘బెత్తమవ్వ’ అనేవారు, నేనూ అనేదాన్ని) నా చీరకట్టు మొదలుకొని నల్లబల్ల మీద నా చేతిరాత దాకా దేన్నీ వదలకుండా తిట్టేది. ఉద్యోగం మానేస్తానని బాపుకు ఉత్తరం కూడా రాశాను. అలాంటి ఆవిడ ఎండాకాలం మొదట్లో పన్నెండు మంది ఆడపిల్లలనూ నన్నూ వెంటబెట్టుకుని కెరమెరి గుట్టల మీది అడవి బంగళాకు షికారు బయలుదేరింది. గుట్టల కింద బస్సు దిగాక మొదటి రోజంతా నడక, వాగు ఒడ్డున వంట, పాటలు. తెల్లవారి బంగళా కావలి తాత వచ్చి, “ఇప్పపూలు రాలుతున్నయమ్మా, పొద్దుగాల ఎలుగొస్తది. పిల్లలు జర పైలం” అన్నాడు. “వస్తె నేను సూస్కుంట తాతా” అన్నాను (ఈ మాట నాదే, కాదనలేను).

వచ్చింది. పిల్లలు వాకిట్లో రొట్టెలు తింటుండగా పొదల్లోంచి నల్లగా, మట్టి కొట్టుకున్న బొచ్చుతో, బుసకొడుతూ వచ్చింది. అందరూ కేకలు పెడుతూ బంగళాలో పడి తలుపేసుకున్నారు. నేను మాత్రం ఎటు పరుగెత్తానో తెలియకుండా పరుగెత్తి చెట్టెక్కాను. ఎక్కాక చూస్తే అది ఇప్పచెట్టు! ఎలుగు నేరుగా దాని కిందికే వచ్చి, రాలిన పూలను జుర్రుకుంటూ తినసాగింది. నా మడమ మీది చెమట బొట్టు దాని వీపున పడుతుందేమోనని కాలు ముడుచుకున్నాను. లోపల పెద్ద టీచరమ్మ పేర్లు పిలుస్తోంది. పన్నెండు మందీ పలికారు. తర్వాత నా పేరు. పలికితే ఎలుగు తలెత్తుతుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను. మళ్లీ పిలిచింది. ఆపైన ఆవిడ ఏడుపు వినబడింది.

“బంగారమసొంటి పిల్ల! పాఠం జెప్తె పిల్లలు కండ్లార్పకుంట ఇంటరు. ఒక్కనాడన్న మంచిగ మాట్లాడకపోతి. దాన్ని గన్న అవ్వకు నేనేం జెప్పాలె?”

(కింద ఎలుగు ఉన్నా, ఇంకాస్త పొగిడితే బాగుండుననిపించింది. సిగ్గు లేదు నాకు.)

తలుపు తెరుచుకుంది. “వద్దు టీచరమ్మా, అదింక పోలే!” అని పిల్లలు అరుస్తున్నారు. ఉత్త కాళ్లతో, తాంబాళం మీద గంటెతో దడదడా బాదుతూ ఆవిడ ఎలుగు మీదికే వచ్చింది. “ఏయ్! ఏడున్నది నా పిల్ల?” ఎలుగు వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. దాని గోళ్లు నా చీర కుచ్చిళ్లకు జానెడు దూరం. ఆవిడ అడుగు ఆగింది, గంటె ఆగలేదు. ఎంతసేపో చెప్పలేను. చివరికి అది ముక్కు చీది, పొదల్లోకి దిగిపోయింది.

“టీచరమ్మా” అన్నాను పైనుంచి, పిల్లికూనలా.

ఆవిడ తలెత్తింది. “పిలిస్తె పలుకకపోతివి, నోట్ల ఏం వెట్టుకున్నవ్? దిగు! చీరె మంచిగ సదురుకో!”

తిరుగు బస్సులో ఆసిఫాబాద్ దాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. వణుకుతున్నది నా చెయ్యే అనుకున్నాను. ఆవిడ వయసు దాటిన ఇప్పుడు ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. భయమైందా టీచరమ్మా అని అడగవలసింది. కానీ ఆ పంతొమ్మిదేళ్ల వీరనారి అడిగిందేమిటంటే, “నేను పాఠం మంచిగ జెప్తనంటిరి గద, మల్లొక్కసారి అనుండ్రి.”

“ఎవలన్నరు?” అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. చెయ్యి మాత్రం వదల్లేదు.