హంస మెడ కట్టిన వరద బోటు

మూడేళ్ల క్రితం మాట. శ్రావణ మాసం. కోనసీమలోని ఒక చిన్న మున్సిపాలిటీలో నేను వార్డు ఎమినిటీస్ సెక్రటరీని. అంటే మంచినీళ్లు, డ్రెయిన్లు, వీధి దీపాలు, వరదొస్తే జనాన్ని గట్టెక్కించడం, అన్నీ నా నెత్తినే. ఊరి పేరు చెప్పను. చెబితే ఇంకో మెమో వస్తుంది.

మా వార్డుల్లో ఒకటి గోదావరి పాయకు అవతల, చుట్టూ నీళ్లున్న లంకలో ఉంది. మధ్యలో దాటడానికి కిందుగా వేసిన రోడ్డు, కాజ్‌వే. రెండో ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే అది మునుగుతుంది, ఆ తర్వాత పడవే దిక్కు. అందుకే మా కాంటింజెన్సీ ప్లాన్‌లో, అంటే ఆపదొస్తే ఎవరేం చేయాలో ముందే రాసుకునే ప్రణాళికలో, అన్నిటికంటే ముఖ్యమైనది ఓబీఎం బోటు. ఓబీఎం అంటే పడవ వెనక తగిలించే ఇంజిన్. అది లేకుండా వరద ఉరవడిలోకి ఎవరూ దిగరు.

ఆ లంకలో సత్యవతి గారని ఒకావిడ ఉన్నారు. రెండు కిడ్నీలూ పాడైపోయాయి. రోజు విడిచి రోజు ఇవతలికొచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. భర్త సూర్రావు గారిది కొబ్బరి దింపు పని. వేసవిలో మాక్ డ్రిల్ పెట్టాం. వరద వచ్చినట్టు నటించి చేసే కసరత్తు అది. అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"మిగతావోళ్లు నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటారండీ. నాకు కుదరదు కదండీ. మర్చిపోకండేం."

"మొదటి ట్రిప్పు మీదేనండీ" అని మాటిచ్చాను.

వరదకు కొద్ది రోజుల ముందు మా వైస్ చైర్మన్ గారు బోటు అడిగారు. మేనల్లుడి పెళ్లికి ఫోటో షూట్ అట. ఈ మధ్య మా కోనసీమకు పట్టిన పిచ్చి ఇది. ఎక్కడ కాస్త నీళ్లు, నాలుగు కొబ్బరిచెట్లు కనబడినా అక్కడ ఒక జంట, ఒక కెమెరా. "వరదల కాలం సార్, ఇవ్వొద్దు" అని కమిషనర్ గారికి చెప్పాను. "ఒక్క పూటేగా అమ్మా, ఆయనతో గొడవెందుకు" అని ఇప్పించేశారు. షూట్ అయ్యాక బోటు రేవుకొచ్చేసిందని సిబ్బంది చెబితే రిజిస్టర్లో రాసుకున్నాను.

కాజ్‌వే మునగ్గానే రేవుకు పరిగెత్తాను. బోటు ఉంది. ముందు థర్మోకోల్ హంస మెడ, చుట్టూ వాడిపోయిన బంతిపూల దండలు. వెనక ఇంజిన్ లేదు! ఒళ్లు మండిపోయింది. వైస్ చైర్మన్ గారికి ఫోన్ చేశాను.

"ఆయ్, అదాండీ! హంస వెనకాల ఇంజిన్ కనబడితే బాగోదని మా కుర్రోళ్లు తీసేరండీ. మా కొబ్బరి కొట్లో భద్రంగా ఉంది."

"తాళం ఎవరి దగ్గరుందండీ?"

"మా బావమరిది దగ్గరండీ. రామచంద్రపురం వెళ్లేరు. వచ్చేస్తారు, కంగారు పడకండి."

"పగలగొట్టిస్తున్నానండీ."

"అదేం మాటండీ! శుభమా అని పెళ్లి పెట్టుకుంటే!"

ఫోన్ పెట్టేసి, తాళం పగలగొట్టమని మా సిబ్బందిని పంపించాను. ఆ కొట్టు ఊరికి ఆ చివర, దారంతా నీళ్లు. ఈలోగా లంక నుంచి సూర్రావు గారి ఫోన్.

"మేడమ్ గారండీ, బోటు బయల్దేరిందాండీ? ఈవిడికి ఆయాసం ఎక్కువైపోతందండీ."

"ఇంజిన్ లేదండీ."

"ఏవైందండీ దానికి?"

ఏమని చెప్పను? ఉన్నదున్నట్టు చెప్పాను. "సరేనండీ" అని పెట్టేశారు.

కాసేపటికి అవతలి గట్టు నుంచి అరటి బోదెలు కట్టిన తెప్ప కదిలింది. దాని మీద ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీకి పంచెతో కట్టేసిన సత్యవతి గారు. సూర్రావు గారూ, ఇరుగుపొరుగు మగవాళ్లూ చుట్టూ ఈదుతూ తోస్తున్నారు. నడిపాయలో తెప్ప గిర్రున తిరిగి కుర్చీ ఒరిగిపోయింది. గట్టు మీద నేను గొంతు పోయేలా అరవడం తప్ప ఏం చేయగలను? ఒరిగిన కుర్చీని ఎలాగో పట్టుకుని, వాళ్లు చేరాలనుకున్న రేవుకు చాలా దిగువన ఒడ్డుకు చేరారు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే ఆవిడ పెదాలు నల్లబడిపోయి ఉన్నాయి. ఇంజిన్ అప్పటికీ రాలేదు.

బతికారు. చాలా రోజులు ఐసీయూలో ఉండి బతికారు.

వరద తీశాక కౌన్సిల్ సమావేశం. టేబుల్ ఎజెండా కింద, అంటే ముందు చెప్పకుండా అక్కడికక్కడే పెట్టే అంశంగా, "వరద సహాయం సమర్థంగా నిర్వహించినందుకు" అభినందన తీర్మానం పెట్టారు. చప్పట్లు! సిగ్గనేది ఉండాలి కదా మనిషన్నాక. లేచి నిలబడ్డాను. "బోటుకు ఇంజిన్ ఎందుకు లేదో కూడా తీర్మానంలో రాయించండి సార్" అన్నాను. కమిషనర్ గారు కూర్చోమని సైగ చేశారు. వైస్ చైర్మన్ గారు నవ్వుతూ, "చిన్న విషయాన్ని పెద్దది చేస్తారేంటండీ అమ్మాయిగారూ" అన్నారు. తీర్మానం పాసైంది. నాకు మెమో వచ్చింది.

ఆ సాయంత్రం ఆసుపత్రికెళ్లాను. మంచం దగ్గరకెళ్లి నిలబడ్డాను. సత్యవతి గారే నన్ను చూసి మెల్లగా అడిగారు.

"ఫోటోలు బాగా వచ్చేయాండీ?"

చెంపదెబ్బ కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు వానాకాలం పొడుగునా ఇంజిన్ బోటుకే ఉంటుంది. వారం వారం నేనే ఎక్కి లంక దాకా వెళ్లొస్తాను. బోటు రేవులో ఉందని రాసుకుంటే సరిపోదని, నీళ్లలో తిరుగుతుందో లేదో కళ్లారా చూడాలని ఆ రోజు తెలిసింది. మొన్న మరో పెద్దాయన వచ్చారు, మనవరాలి పెళ్లి, ఒక్క పూట బోటు కావాలన్నారు.

"దానికేం భాగ్యమండీ! ముందు లంకకెళ్లి సత్యవతి గారి చేత సరే అనిపించుకుని రండి" అన్నాను.

ఆయన ఇంతవరకూ వెళ్లలేదు.