చెక్క నేల కింద వాలు లేని గొట్టం

వదినా, మోకాలు తగ్గిందా? అన్నయ్యా, దగ్గు పోయిందా? నాకు మాత్రం ప్లంబర్ వల్ల బీపీ పెరిగింది.

ఇక్కడ జర్మనీలో, హానోవర్‌లో మా అమ్మాయి కొన్న పాత ఇంట్లో మేడ మీద బాత్రూమ్ కడుతున్నారు. చెక్క నేల కిందే మురుగు గొట్టం, దాని కింది గదిలో మనవరాలి ఉయ్యాల. ఈ రోజు ఆ మహానుభావుడు చెక్కలు బిగించబోతుంటే గొట్టంలో చెంబెడు నీళ్లు పోశాను. సగం అక్కడే నిలిచాయి.

“వాలు ఇవ్వాలంటే దూలాలు కోయాలట. కొంచెం నిలిస్తే ఏం కాదట అమ్మా,” అని ఆయన జర్మన్‌లో అన్నది నాకు తెలుగులో చెప్పింది అమ్మాయి.

“అయితే ఆ ఉయ్యాల కింద ఆయన్నే పడుకోమను. కమోడ్ ఈ గోడకు మారిస్తే గొట్టం దూలాల మధ్యగా వాలుగా పోదూ?”

అమ్మాయి ఆ మాట చెబితే ప్లంబర్ టేపు పెట్టి కొలిచాడు, గొట్టం ఊడదీశాడు. చదువు లేని నాకు తోచింది అంత పనివాడికి తోచలేదు. మీరైతే ఊరుకునేవారా?

బుధవారం పొద్దున ఎనిమిదికి మళ్లీ వస్తానని టైమిచ్చాడు, ఇక్కడ దాన్ని టెర్మిన్ అంటారు. చెంబు దాచెయ్యొద్దని అమ్మాయికి చెప్పాను.