కత్తెర పెట్టని ఖాకీ బట్ట

ఇరవై ఏళ్ల కిందటి మాట. గద్వాలలో నాది టైలరింగు దుకాణం. మా గల్లీ మెకానిక్ ఖాజా లాకప్పు దెబ్బలకు చనిపోయాడు. ఆ కేసులో ఎస్సై నిర్దోషి అని కోర్టు తీర్పు చెప్పగానే ఊరు భగ్గుమంది. బందు, రాళ్లు, లాఠీలు. సగం షట్టరు దించి కూర్చున్న నా దగ్గరికి కానిస్టేబుల్ వచ్చాడు.

"సారు మళ్ల డ్యూటీల చేరుతుండు. యూనిఫాం కుట్టినవా మాస్టర్?"

తీర్పు రాకముందే ఎస్సై పంపిన బట్ట అది. మడతపెట్టి ఇచ్చేశాను.

"కత్తెర గూడ పెట్టలే. తీస్కపోండ్రి. ఆయనకు నేను కుట్టను."

"ఠాణా పనంతా పోతది, తెల్సా?"

"పోనియ్యి. ఖాజా కొలతలు గూడ గీ పుస్తకంలనే ఉన్నయి."

అతని ఎదుటే ఎస్సై కొలతల పేజీ చించేశాను. ఠాణా నుంచి మళ్లీ ఒక్క బట్టా రాలేదు. ఖాజా పేజీ మాత్రం ఇప్పటికీ అందులోనే ఉంది.