ముద్ర ఉన్న నోటీసు

ఆ రోజుల్లో నాకు జ్ఞానం కంటే కోపం ముందు వచ్చేది. (జ్ఞానం కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.) తాడేపల్లిగూడెంలో ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారుగా కొత్తగా చేరాను. రబ్బరు స్టాంపు ఉన్న కాగితం ఏదైనా నాకు వేదవాక్కే. పిల్లలు చాటున నన్ను ‘స్టాంపు మాస్టారు’ అనేవారు. అర్ధసంవత్సర పరీక్షలో చరిత్రలో ఫస్టు వచ్చినవారిని ఏలూరు క్విజ్ పోటీకి పంపడం మా బడి ఆనవాయితీ. ఆ ఏడు పేపరు నేనే తయారుచేశాను. అందులో రెండో ప్రపంచయుద్ధ కాలం నాటివన్నట్టు రెండు ఆధారాలు ఇచ్చాను. ఒకటి, ‘జిల్లాలో బియ్యానికి కొరత లేదు’ అన్న సర్కారు నోటీసు. రెండోది, ‘వారమైంది అన్నం వండి’ అని కొల్లేటి లంక నుంచి ఒకావిడ సైన్యంలో ఉన్న భర్తకు రాసిన ఉత్తరం. ఏది నమ్మదగినది? అయిదు మార్కులు. నా లెక్కలో జవాబు ఒక్కటే, నోటీసు.

పెంటపాడు నుంచి వచ్చే పిల్ల ఒకర్తి ఇలా రాసింది: ‘బియ్యం నిండుగా ఉంటే ఆ సంగతి అచ్చువేసి గోడకి అంటించడం ఎందుకు? ఉత్తరమే నిజం.’ ఒళ్ళు మండిపోయింది. కాగితం చిరిగేలా సున్నా చుట్టి, పక్కన ‘అధిక ప్రసంగం’ అని కూడా రాశాను. ఆ సున్నాతో ఫస్టులో ఉండాల్సిన పిల్ల రెండోస్థానానికి దిగిపోయింది.

మర్నాడు వాళ్ళ మామ్మ ఆ పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకే వచ్చేసింది.

“ఏవండీ, ఈ సున్నా చుట్టింది తవరేనాండీ?”

“నేనేనండి. నోటీసుకి ముద్రుందండి, నంబరుందండి. ఉత్తరానికేముందండి?”

“ఆకలుందండి. మా పుట్టిల్లు కొల్లేటి లంకండి. ఆ యుద్ధం రోజుల్లో మా అమ్మ కలువ దుంపలు ఉడకేసి పెట్టిందండి. తవరి ముద్ర ఉడకేస్తే ఎంతమందికి సరిపోద్దండి?” (మా వైపు కోపం పెరిగేకొద్దీ అండీలు పెరుగుతాయి.)

“అది జ్ఞాపకమండి, రుజువు కాదు!” అని అరిచాను.

“జ్ఞాపకమేనండి. ఆ నోటీసు రాసినాయన మా ఇంటికొచ్చి కుండ మీద మూత తీసి చూశాడాండి?”

లెక్కల మాస్టారు నవ్వు ఆపుకోలేక చాక్‌పీసుల డబ్బా కింద పడేశాడు. నా కోపం నషాళానికంటింది. ఆ మధ్యాహ్నమే ఒక కాగితం టైపు చేయించి, స్టాంపు గుద్ది, బోర్డుకి అంటించాను: ‘చరిత్ర పేపరు దిద్దిన తీరుపై ఎవరికీ ఎటువంటి అసంతృప్తీ లేదు.’

ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివి, నెమ్మదిగా అడిగింది. “లేకపోతే నోటీసెందుకండీ, మాస్టారూ?”

పరీక్షలో అది రాసిన జవాబు నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చింది. ఆ కోపం దిగి, సున్నా కొట్టేసి అయిదు వేయడానికి వారం పట్టింది. ఈలోగా ఏలూరు పోటీ అయిపోయింది, వేరే పిల్ల వెళ్ళొచ్చింది. దిద్దిన పేపరు ఇస్తే ఆ అమ్మాయి తీసుకోలేదు. “మీ దగ్గరే ఉంచండి మాస్టారూ, మీకు పనికొస్తుంది” అంది.

నిజంగానే పనికొచ్చింది. ఏటా ఆ ప్రశ్న ఇస్తూనే ఉన్నాను, ఆధారాలు మాత్రం మార్చాను. ఒకటి, బోర్డుకి అంటించిన నా నోటీసు. రెండోది, ‘అధిక ప్రసంగం’ అని రాసి ఉన్న ఆ పిల్ల పేపరు. ఇన్నేళ్ళలో ఒక్కరూ స్టాంపు మాస్టారి పక్షాన రాయలేదు. అందరికీ అయిదుకి అయిదు వేసి, ఒకప్పటి ఆ కుర్ర మాస్టారి మీద కాస్త కోప్పడి, నవ్వుకుంటూ పేపర్లు కట్టగడతాను.