తెల్వదు, పోయి అడుగుదాం పా

నిన్న పొద్దున కంపెనీ బస్సు షాద్‌నగర్ దాటుతుంటే చిన్నప్పటి దోస్తు స్వప్న ఫోన్ చేసింది.

"అండాలక్క ఇంక లేదే. రాత్రి గుండెల నొప్పి లేసిందట. దవాఖానకు తీస్కపోయే లోపల్నే..."

నాకు బుర్రకెక్కలేదు. మొన్న ఆదివారమే కదా వాయిస్ మెసేజ్ పెట్టింది. "పిల్లా, చేపలు నిద్ర పోతయా? గీడ ఒక పిల్ల అడుగుతాంది" అని.

ఆ జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నా.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. అక్క నల్లగొండలో కరెంటాఫీసులో పనిచేసేది. ఆదివారం మాత్రం పానగల్‌లో మా బడి వరండాలో కూర్చునేది. అమ్మ అండ లేని ఆడపిల్లల కోసం. కొందరికి అమ్మ చనిపోయింది, కొందరిని వదిలేసి వెళ్లింది. అక్కను ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. తనే వచ్చింది.

మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజు బాపు మగ్గం మీంచి లేచి, మంచం మీద కొత్త దుప్పటి పరిచాడు. ఆడపిల్ల గురించి అడుగుతూ వచ్చింది కాబట్టి సంబంధం తెచ్చిందనుకున్నాడు.

"పిల్ల ఇంక తొమ్మిదే సదువుతాంది మేడం" అన్నాడు భయంగా.

"సదువనియ్యుండ్రి. ఆదివారం జర నా దగ్గరికి పంపుండ్రి" అంది అక్క.

అక్క దగ్గర క్లాసుల్లేవు, నీతులు అసలే లేవు. ఎవరైనా ఏదైనా అడగొచ్చు. తెలిస్తే చెప్పేది. తెలియకపోతే ఒకటే మాట.

"నాకు తెల్వదు. పోయి అడుగుదాం పా."

వెంటనే స్కూటీ తీసేది.

ఒకసారి స్వప్న అడిగింది, పీరియడ్స్‌లో ముట్టుకుంటే తొక్కు పచ్చడి నిజంగా పాడైతదా అని. మా అవ్వయితే ఆ నాలుగు రోజులు జాడీ ఉన్న అర్ర వైపు కూడా రానిచ్చేది కాదు.

"గిది ఎవర్నడిగినా తలా ఒకటి చెప్తరు. మనమే చూద్దాం" అంది అక్క.

మామిడికాయ తొక్కు రెండు సీసాల్లో పెట్టించింది. ఆ రోజులు రాగానే స్వప్న ఒక సీసాలో మాత్రమే గరిటె పెట్టి బాగా కలిపింది. వానలు పడేదాకా ఆ సీసాల చుట్టూనే తిరిగాం. చివరికి రెండూ తెరిచి వేడన్నంలో కలుపుకుని తిన్నాం. రెండూ బాగున్నాయి. స్వప్న సీసానే ముందు ఖాళీ అయింది.

అవ్వ నమ్మలేదు. కానీ తర్వాత నేను జాడీ దగ్గరికి వెళ్తే ఏమీ అనలేదు.

నేను మాత్రం చాలా ఆదివారాలు నోరు విప్పలేదు. నాకున్నది ఒకటే ప్రశ్న. అది ఇంట్లో అడిగితే బాపు మగ్గం ఆపి బయటికి వెళ్లిపోతాడు, అవ్వ ఏడుస్తుంది. అమ్మ పోయేటప్పటికి నాకు ఊహ తెలియదు. ఉన్నది ఒక్క పెళ్లి ఫోటో. అందులో అమ్మ తల వంచుకుని ఉంది.

ఒకరోజు అడిగేశాను.

"అక్కా, మా అమ్మ ఎట్ల నవ్వుతుండె?"

అక్క అదే మాట అంది.

అమ్మతో కలిసి నూలు చుట్టిన దోస్తు ఒకామె నందికొండలో ఉంటోందని ఎవరెవరినో అడిగి తెలుసుకుంది. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. ఆమె నన్ను చూసి వాకిట్లోనే ఆగిపోయింది. నా ప్రశ్న విని ఫక్కున నవ్వింది.

"మీ అమ్మనా? నవ్విందంటే ఎక్కిళ్లే. ఎక్కిళ్లకు చేతుల నూలు తెగుతుండె. మా అత్త తిడుతుండె. దానికి ఇంక నవ్వొస్తుండె."

నాకూ అంతే. నవ్వితే ఎక్కిళ్లు. ఆడపిల్ల గట్ల నవ్వుతదా అని అవ్వ తిట్టేది. అవి ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తిరుగు బస్సులో ఏడ్చాను, నవ్వాను, దారంతా ఎక్కిళ్లు. ముందు సీట్లో ఒకామె నీళ్ల సీసా ఇవ్వబోతే అక్క ఆపింది.

"వద్దమ్మా. రానియ్యి" అంది.

నిన్న సాయంత్రం అక్క ఇంటి ముందు కూర్చుని ఉంటే, ఇప్పటి ఆదివారం పిల్లల్లో ఒకతి, ఏడో తరగతి మౌనిక, వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, అండాలక్కకు అమ్మ ఉండెనా?"

మా అందరి అమ్మల గురించీ తెలిసిన మనిషి. ఆమె గురించి మాకు తెలిసింది ఒకటే, పుట్టిన ఊరు పాలమూరు దిక్కని.

"తెల్వదురా" అన్నాను.

మౌనిక లేచి నిలబడి, నాకు చెయ్యి అందించింది.

"పోయి అడుగుదాం పా."

ఈ ఆదివారం వెళ్తున్నాం.

అక్కా, ఇంక జర కూసో. హాయిగా నిద్రపో.
చేపల సంగతి మేం కనుక్కుంటాం.