దేవన్న మందను అప్పజెప్పిన రోజు

సౌదీలోని ఈ రఫ్హా ఊరి బజారు ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే పావుగంట. బార్లీ బస్తాల కొట్లు, టైర్ల షాపులు, సర్కారు ఆఫీసులు. అవతలంతా ఎడారి, గొర్రెలు, ఒంటెలు, ఇంకా పోతే ఇరాక్ సరిహద్దు కంచె. ఆ ఎడారిలో డెబ్భై కిలోమీటర్ల లోపల మా జగిత్యాల దేవన్న రెండున్నరేళ్లుగా మూడు వందల గొర్రెల్ని కాస్తున్నాడు. వారానికోసారి దాణా దింపేది నేను. ఆయన ఒకచోట కుదురుగా ఉండడు, ఛాయ్ కూడా తిరుగుతూనే తాగుతాడు. చూస్తే నాకు చిరాకు.

ఈసారి తిరగడానికి కారణముంది. సోమవారం ఆయన భార్య జయకు కడుపులో గడ్డ ఆపరేషన్. యజమాని కఫీల్ సెలవు కాగితం, టికెట్ జేబులో పెట్టుకునే వచ్చాడు. ఒకటే షరతు: కొత్తగా వచ్చిన పీరయ్య పిలిస్తే మంద దొడ్లోకి రావాలి.

కడప పీరయ్య పొద్దుటి నుంచి గొంతు చించుకుంటున్నాడు. ఒక్క గొర్రె తలెత్తలేదు.

"నా మాట వీటికి ఎక్కల్యాదన్నా," అన్నాడు.

"గట్ల గాదు తమ్మీ. నాలుక మడిచి, డుర్ర్ర్ హో!"

మందంతా లేచి దేవన్న దగ్గరికే పరిగెత్తింది.

"మీ ఇల్లు పాడుగాను! నాకాడికి గాదు, ఆయనకాడికి పోండ్రి!"

ఏడుకు విమానం. మధ్యాహ్నం మూడు దాటింది. కఫీల్ కారులో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్నాడు. నాకైతే గొర్రెల్ని ఒక్కొక్కదాన్నే మెడపట్టి లోపలికి తోయాలనిపించింది.

జనవరి చలికి పీరయ్య వణుకుతున్నాడు. చూడలేక దేవన్న తన గొర్రెతోలు కోటు విప్పి అతనికి తొడిగాడు. "గొంతు వణుకుతే ఎట్ల ఇనవడ్తది?" అని విసుక్కున్నాడు.

పీరయ్య మళ్లీ పిలిచాడు. ముసలి గొర్రె ఒకటి దగ్గరికొచ్చి కోటు వాసన చూసి, అతని వెంట దొడ్లోకి నడిచింది. దాని వెనక మందంతా.

కఫీల్ నవ్వి కాగితం ఇచ్చాడు. నేను బండి స్టార్ట్ చేశాను.

దేవన్న దొడ్డి దగ్గరికి పోయి, ఊరికే ఒకసారి పిలిచాడు. ఒక్కటీ తిరిగి చూడలేదు. మళ్లీ పిలిచాడు. ఊహూ.

"నన్నే గుర్తువడ్తున్నయనుకున్న నాగేందర్," అన్నాడు. కళ్లనిండా నీళ్లు. "జయ అయినా నన్ను గుర్తువడ్తదారా?"

నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. అందుకే అరిచాను.

"ఎక్కన్నా, టైమైతుంది!"